నల్ల గుడ్డ మీద మూడు అక్షరాలు

జూన్ 9

మా ఆయన నోటుబుక్కులో మిగిలిన పేజీల్లో రాస్తున్నాను. కొత్తది కొనుక్కోవచ్చు, కానీ వీధి దాటి వెళ్ళాలంటే ఈయన్ని ఎవరు చూస్తారు? ముందు పేజీలన్నీ ఇంగ్లీషు మాటలే. ఒక్కొక్కటీ రైలంత పొడుగు. అందులో ఒక్కటి కూడా చదవడం నాకు రాదు. అక్షరాలు మాత్రం వచ్చు, చొక్కా కాలర్ల వెనక చీటీలు చూసి నేర్చుకున్నవి.

స్పీచ్ డాక్టరమ్మ ఇంకో పుస్తకం ఇచ్చింది. ఏ రోజు ఏ మాట అన్నారో అందులో రాయాలట. అది ఆవిడ కోసం. నాలుగు రోజులుగా అందులో ఒకటే రాస్తున్నాను: ఏమీ లేదు. ఇది మాత్రం నా కోసం.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి నాలుగు రోజులు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. నోరు కదులుతుంది, మాట రాదు. మనం చెప్పేది సగం అర్థమవుతుందట. ఏ సగమో చెప్పలేదు.

జూన్ 11

మాట వచ్చింది!

ఆయన్ని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుడుతున్నాను. ఉన్నట్టుండి "రిఫ్రిజిరేటర్" అన్నారు. ఎంత స్పష్టంగా! సూది వేల్లో దిగింది. పరుగెత్తుకెళ్ళి ఫ్రిజ్ బార్లా తెరిచి చన్నీళ్ళు తెచ్చాను. తోసేశారు. పాలు తెచ్చాను. తోసేశారు. పొద్దుటి గంజి, టమాటాలు, మందు సీసా, ఆఖరికి ఐసు ట్రే. తెచ్చినదల్లా ముందు పెడుతుంటే పిల్లాడిలా ఏడ్చేశారు.

కాసేపటికి "అంబ్రెల్లా" అన్నారు. బయట ఎండ మండిపోతోంది. అయినా అడిగారు కదా అని గొడుగు తెచ్చి ఎడంచేతిలో పెట్టాను. నేలకేసి కొట్టారు.

డాక్టరమ్మ పుస్తకంలో రెండు మాటలూ రాసి కింద గీత కూడా గీశాను.

జూన్ 12

టైర్ల అన్నయ్య వచ్చాడు. ఎదురు వరసలో టైర్ల కొట్టు ఆయనది. ఈయనకి ఈ లోకంలో ఉన్న స్నేహితుడు ఆయనొక్కడే, ఆ పిచ్చి పట్టినవాళ్ళు ఇద్దరే కాబట్టి.

నిన్నటి సంగతి చెప్పాను. అన్నయ్య కిటికీలోంచి కిందికి చూసి పకపకా నవ్వాడు. తర్వాత తువ్వాలుతో మొహం కప్పుకుని కూర్చున్నాడు.

"ఫ్రిజ్జూ కాదు, గిజ్జూ కాదు చెల్లెమ్మా. అదిగో, కూరగాయల వ్యాను నెంబరు చూడు. ఆర్, ఎఫ్, జి. ఆ మూడు అక్షరాలూ అదే వరసలో వచ్చే పెద్ద మాట చెప్పాడు. ఇది మా ఆట."

మీ ఆట సంగతి నాకు తెలియదా అన్నయ్యా. ఇరవై రెండేళ్ళు చూశాను. కింద కొట్టులో సగం నాది, బట్టలు సరిచెయ్యడం. సగం ఆయనది, బళ్ళకి నెంబరు ప్లేట్లు చెయ్యడం. ప్లేటు చేతిలోకి రాగానే అక్షరాలు గట్టిగా చదివేవారు, వీధి అవతల నుంచి అన్నయ్య ఒక మాట అరిచేవాడు, ఈయన అంతకంటే పెద్దది అరిచేవారు. పెద్ద మాట ఎవరిదైతే వాళ్ళకి టీ. ఆయన డిక్షనరీకి చివరి పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి. డబ్ల్యూతో మొదలయ్యే మాటలు అసలు ఇంగ్లీషులోనే లేవని ఆయన వాదించేవారు. నేను ఏదైనా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఉండవోయ్, మాట దొరుకుతోంది" అనేవారు. ఆ ఆటంటే నాకు ఒళ్ళు మంట. ఒకసారి ఆ డిక్షనరీని కుట్టుమిషను కాలి కింద ఎత్తు కోసం పెట్టేశాను కూడా.

ముప్పై ఏళ్ళ కాపురంలో నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఏమోయ్ అనే పిలిచారు. మందులకీ ఏమోయ్, జోళ్ళకీ ఏమోయ్, ఊరికే కూడా ఏమోయ్.

ఆ ఒక్కటీ రాదా, అన్నయ్యా, అని అడిగాను. అన్నయ్య కిటికీలోంచి బళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాడు.

జూన్ 13

పొద్దున్నుంచి పధ్నాలుగు మాటలు. మ్యానుఫ్యాక్చరింగ్. ఎలక్ట్రిసిటీ. ట్రాన్స్‌పోర్టేషన్. వీధి మొగలో ఏ బండి తిరిగినా నేనే ముందు చూసి అక్షరాలు చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుంటారు, పెదవులు లోపలికి లాక్కుంటారు, అంతలో మాట వచ్చి పడుతుంది. అదే గొంతు. ఏమీ జరగనట్టు.

మధ్యాహ్నం కుట్లు ముట్టుకోలేదు. ఇద్దరు వచ్చి బట్టలు అవలేదని తిట్టి వెళ్ళారు. తిట్టనీ.

జూన్ 16

పుస్తకం చూసి డాక్టరమ్మ సంతోషిస్తుందనుకున్నాను. పెన్ను కింద పెట్టి, "ఇవి మాటలు కావమ్మా" అంది.

"మరేమిటండీ?"

"అలవాటు. దెబ్బ తగిలితే అమ్మా అన్నట్టు, అక్షరాలు కనబడితే నోరు తిరుగుతోంది, అంతే. ఆయనకి ఏం కావాలో అందులో లేదు. నీళ్ళు కావాలంటే నీళ్ళు అనాలి కదా. అరిగిన దారినే రోజూ నడిపిస్తే కొత్త దారి పడదు. ఈ రెండు నెలలే మనకి ముఖ్యం. ఆ ఆట మానిపించండి."

తొమ్మిది బొమ్మల కార్డులిచ్చింది, పదోదిగా ఇంట్లో మనిషి ఫోటో మమ్మల్నే పెట్టుకోమంది. ఆగస్టు ఒకటిన పరీక్ష. పదింటిలో మూడైనా చూసి చెప్పగలిగితే వైద్యం సాగుతుంది. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. వరసలో నలభై మంది ఉన్నారని ఆవిడ మెల్లగానే చెప్పింది. మంచిదే పాపం.

అమ్మాయి పక్కనే ఉండి అన్నీ రాసుకుంది. మా అమ్మాయి పట్టిందంటే ఉడుంపట్టు. ఇంటికొచ్చిన వెంటనే కిటికీకి మందపాటి కర్టెన్ వేసి పిన్నులు కూడా పెట్టింది.

"అమ్మా, నువ్వు మెత్తబడకు. నాన్న అరిచినా సరే."

జూన్ 17

ఆయన అరవలేదు. కర్టెన్ వైపు చూశారు, నా వైపు చూశారు. అంతే.

జూన్ 18

ఏమీ లేదు.

జూన్ 20

ఏమీ లేదు. కార్డులు పొద్దున గంట, సాయంత్రం గంట. గ్లాసు, మంచం, జోడు, గడియారం, తలుపు, చెంచా, సబ్బు, కుర్చీ, దువ్వెన. పదోది నా ఫోటో. ఎవరిదో పెళ్ళిలో అందరం నిలబడి తీయించుకున్న దాంట్లోంచి అమ్మాయి కత్తిరించింది. పక్కన ఎవరిదో మోచెయ్యి మిగిలిపోయింది. ఎండకి కళ్ళు చికిలించుకుని, తగాదాకి వెళ్తున్నదానిలా ఉన్నాను. ఇది చూసి ఎవరైనా ఏమంటారు!

జూన్ 24

ఏమీ లేదు.

జూన్ 26

ఏమీ లేదు. ఇంట్లో మిషను చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. అది కూడా ఆపేసి చూశాను. ఆయన ఊపిరి వినిపించింది.

జూన్ 28

ఒక్కటే. ఒక్కటంటే ఒక్కటే.

కోటు లైనింగు కత్తిరించగా మిగిలిన నల్ల గుడ్డ ఒడిలో ఉంది, గుర్తులు పెట్టే సుద్ద చేతిలో ఉంది. చెయ్యి తనంతట తనే రాసింది. ఆర్, ఎఫ్, జి. ఆయనకి చూపించాను. పదకొండు రోజుల తర్వాత ఆ గొంతు విన్నాను.

వెంటనే గుడ్డ దులిపేశాను. డాక్టరమ్మ పుస్తకంలో: ఏమీ లేదు.

జులై 1

ఈ రోజు ఆడలేదు.

జులై 2

ఈ రోజు కూడా ఆడలేదు.

జులై 3

నిన్నా మొన్నా రాసింది అబద్ధం. డాక్టరమ్మ పుస్తకంలో అబద్ధం రాశానంటే ఒక అర్థముంది. ఇక్కడ ఎవరికి దాచడానికి?

మొన్న ఆరు, నిన్న తొమ్మిది. ఈ రోజు లెక్క పెట్టలేదు.

కార్డులూ చూపిస్తున్నాను. మానలేదు. పొద్దున గంట కార్డులు అయ్యాకే గుడ్డ తీస్తున్నాను. కష్టపడ్డవాళ్ళకి కాస్త సంతోషం ఉండాలి కదా. ఇందులో తప్పేముంది?

జులై 6

కింద కొట్టు తాళం తీసినప్పుడు టైర్ల అన్నయ్య వచ్చి నిలబడ్డాడు. ఎలాగూ దాచలేను, ఆయనకి చెప్పేశాను. తిడతాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, బాగానే ఉన్నాను, హాయిగా ఉన్నాను అనడానికి మీ ఆటలో పెద్ద మాట ఏదైనా ఉందా?"

నా మొహంకేసి చూశాడు. చేతికంటిన నల్లమట్టి తుడుచుకుని, "కంఫర్టబుల్" అన్నాడు. "ఎం, ఎఫ్, బి అని రాయి. ముందు అన్ తగిలించి మాట పెంచడం మా ఆటలో చెల్లదు, కాబట్టి ఈ మూడిటికీ నాకు తెలిసి ఆ ఒక్క మాటే. వాడికి పక్కకి పోయే సందు ఉండదు."

పైకి వచ్చి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, గుడ్డ మీద ఎం ఎఫ్ బి రాశాను. అప్పుడే చూపించలేదు. ముందు మామూలుగా అడిగాను, "ఏమండీ, ఎలా ఉంది ఇవ్వాళ?" అని. ఆ తర్వాత గుడ్డ ఎత్తాను.

"కంఫర్టబుల్."

"నిజంగానా? నడుం నొప్పి లేదా?"

గుడ్డ ఎత్తాను.

"కంఫర్టబుల్."

"సరే అయితే. నేను కూడా బాగానే ఉన్నానండీ."

మాట్లాడుకున్నాం. నెల దాటిపోయింది మేం మాట్లాడుకుని. నాకు తెలుసు, నేనే అడిగి నేనే చెప్పించుకున్నాను. తెలిస్తే ఏం? బిడ్డకి అన్నం తినిపించేటప్పుడు మనమే నోరు తెరవమూ?

జులై 9

అన్నయ్య ఇంకో మాటిచ్చాడు. ఎం, పి, ఎస్. ఇంపాసిబుల్ అంటే అయ్యే పనే కాదని. "నా మీద కోపంగా ఉందా?" అని అడిగి గుడ్డ చూపించాను.

ఆయన ఆలోచించారు. "కాంపెన్సేషన్" అన్నారు.

పరుగున కిందికి వెళ్ళి అడిగితే, నష్టపరిహారం అని అర్థమట. అన్నయ్య కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. "తప్పు నాదే చెల్లెమ్మా. అది ఇంకా పెద్ద మాట. పెద్ద మాట కనబడ్డాక వాడు నీకు కావలసింది ఎందుకంటాడు?"

నేను కూడా నవ్వాను. మెట్లెక్కుతుంటే నవ్వు ఆగిపోయింది. ఆయన నాతో మాట్లాడటం లేదు. అక్షరాలతో మాట్లాడుతున్నారు. డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది కదా ఈ ముక్క.

ఇక ఎం ఎఫ్ బి తప్ప వేరేది రాయను. అది తప్పిపోదు.

జులై 14

ఆదివారం. అమ్మాయి వచ్చి రెండు గంటలు కార్డులు పట్టుకుని కూర్చుంది. "నాన్నా, ఇదేమిటి? గ్లా... గ్లా..." అని చిన్నప్పుడు తనకి మేం నేర్పినట్టే నేర్పింది. ఆయన మొహం తిప్పేసుకున్నారు.

"నీతో కూడా ఇంతేనా అమ్మా?"

"ఇంతే."

వంటింట్లోకి వచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. దాని చెయ్యి నా కుట్టుసంచికి ఆనుకునే ఉంది. సంచిలో గుడ్డ ఉంది. నేను దాని వీపు నిమురుతూ నిలబడ్డాను.

జులై 19

రాయాలని లేదు. రాస్తాను.

నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి మూత తీస్తున్నాను. ఆయన దాన్ని చూసి, "నీ..." అన్నారు. గాలి కాదు, మూలుగు కాదు. "నీ". పై పెదవి వణికింది, మెడలో నరం లేచింది. ఇంకొక్క అక్షరం. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

అప్పుడాయన నా చేతులకేసి చూశారు.

గుడ్డ కోసం. మిగతాది నేను రాసి చూపిస్తానని. చేతుల్లో గ్లాసు మూత తప్ప ఏమీ లేదు. కాసేపు ఎదురుచూసి ఊరుకున్నారు. నోరు మూతపడింది.

నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు అని నేనే పదిసార్లు అన్నాను. బతిమాలాను. తర్వాత కసిరాను కూడా. మంచం పట్టిన మనిషిని కసిరాను.

డాక్టరమ్మ పుస్తకంలో "నీ" అని రాసి కొట్టేశాను. రాస్తే తర్వాత ఏమైందని అడుగుతుంది.

జులై 20

గుడ్డని పెట్టె అడుగున పెట్టి పైన దుప్పట్లు పేర్చాను. ఇంక పన్నెండు రోజులున్నాయి. పన్నెండు రోజుల్లో ఎంతమంది ఎన్ని నేర్చుకోలేదు!

జులై 21

ఏమీ లేదు.

జులై 22

ఏమీ లేదు. గంజి మింగలేదు.

జులై 23

మందుబిళ్ళలా రోజుకి ఒక్కటి. పొద్దున లేవగానే ఎదురుగా నిలబడి, ఎలా ఉందండీ అని అడిగి, ఆ ఒక్కటీ. ఆ తర్వాత గంజి తాగుతున్నారు. మందు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని డాక్టర్లే అంటారు.

జులై 30

రోజుకి ఒక్కటే. ఇది అబద్ధం కాదు.

ఆగస్టు 1

పరీక్ష అయింది.

ఆయన పక్కన నేను, గోడ వారగా అమ్మాయి. డాక్టరమ్మ గ్లాసు బొమ్మ ఎత్తి, "ఇదేమిటండీ?" అంది. ఆయన బొమ్మ వైపు చూశారు. ఎడంచెయ్యి మెల్లగా జరిగి నా కుట్టుసంచి మీదికి వచ్చింది.

"సంచిలో ఏముందమ్మా?"

"కుట్టు సామానండీ."

మంచం. జోడు. గడియారం. ఒక్కో బొమ్మకీ ఆయన చెయ్యి సంచిని తట్టింది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. అయిదో బొమ్మకి అమ్మాయి కుర్చీలోంచి ముందుకి వంగింది. నేను తలెత్తలేదు. తొమ్మిది బొమ్మలకీ తొమ్మిది అడ్డగీతలు. పెన్ను చప్పుడు కూడా వినిపించింది.

పదోది నా ఫోటో.

"ఈవిడెవరు?"

ఆయన ఫోటో చూశారు. నన్ను చూశారు. నా రెండు చేతులూ ఒళ్ళోనే, అందరికీ కనబడేలా, ఖాళీగా ఉన్నాయి. ఈసారి ఆయన చేతులకేసి చూడలేదు. మొహంకేసే చూశారు.

"కంఫర్టబుల్" అన్నారు.

డాక్టరమ్మ ఆగి, "అదే పాత ధోరణి" అని పదో అడ్డగీత పెట్టింది.

నోటిదాకా వచ్చింది. ఏమని చెప్పను? ఆయన ఎదురుగా నిలబడి రోజూ ఆ మాట అనిపించింది నేనేనని చెప్పాలా? ఆ మాటకి ఆయన లెక్కలో నా మొహమే అర్థమని చెప్పాలా? మొదటిది చెప్పకుండా రెండోది చెప్పలేను. నోరు పెగల్లేదు. ఆయన నోరు పోయిందని ఇన్నాళ్ళూ ఏడ్చాను.

బయట వరండాలో అమ్మాయి సంచి లాక్కుంది. గుడ్డ విప్పింది. ఎన్నిసార్లు దులిపినా రోజూ ఒకేచోట రాసిన సుద్ద పూర్తిగా పోలేదు. ఎం ఎఫ్ బి తెల్లగా అలాగే ఉంది.

"నాన్న నోరు నువ్వే కుట్టేశావమ్మా" అంది.

అరిచినా బాగుండేది. మెల్లగా అంది.

ఆగస్టు 2

డాక్టరమ్మ ఫోను. చోటు ఇంకొకరికి ఇచ్చారు. పుస్తకం తిరిగి ఇచ్చేయమంది, పాపం, ఎప్పుడు వీలైతే అప్పుడే. ఎవరో డ్రైవరట, మాట పోయినవాడు, చిన్న పిల్లలున్నారట. అతనికైనా వస్తే బాగుండు. నిజంగానే అనుకుంటున్నాను. రోజుకి పదిసార్లు అనుకుంటున్నాను.

ఆగస్టు 3

అమ్మాయి రాలేదు. టైర్ల అన్నయ్య వచ్చి మెట్ల దగ్గరే నిలబడి, "ఆ మాట నేనివ్వకుండా ఉండాల్సింది" అన్నాడు. టీ ఇచ్చాను. తాగకుండా వెళ్ళిపోయాడు.

ఎవరికీ ఎవరం ఏమీ చెయ్యలేకపోతున్నాం.

ఆగస్టు 4

అమ్మాయి వచ్చింది. నాతో మాట్లాడలేదు. కర్టెన్ పిన్నులన్నీ ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. వాళ్ళ నాన్న గడ్డం గీసి, తల దువ్వి, వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "తిన్నావా?" అంది. తిన్నానన్నాను.

ఇకమీద కర్టెన్ తీసినా ఒకటే, వేసినా ఒకటే. ఎండ ఎక్కువైతే వేస్తున్నాను, తగ్గితే తీస్తున్నాను. గుడ్డ మాత్రం పొయ్యిలో వేశాను.

ఆగస్టు 7

వంటింట్లో గంజి కలుపుతున్నాను. గదిలోంచి వినిపించింది.

"కంఫర్టబుల్!"

చెంచా చేతిలోనే ఆగిపోయింది. ఆయన ఎదురుగా నేను లేను. గుడ్డ లేదు. అక్షరాలు రాసిచ్చినవాళ్ళు ఎవరూ లేరు.

"కంఫర్టబుల్!"

రెండోసారి కాస్త చిరాగ్గా. ఒకసారి పిలిస్తే పలకవేమోయ్ అన్నప్పటి చిరాకు. ఆ చిరాకు నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఎక్కడున్నా గుర్తుపడతాను. గుర్తుపట్టాననే అనుకుంటున్నాను.

"వస్తున్నానండీ" అన్నాను.

మా గది గుమ్మంలో నిలబడితే కిటికీ ఎదురుగానే ఉంటుంది. కర్టెన్ వేసి ఉందో తీసి ఉందో, కింద ఏ బండి ఆగి ఉందో, దాని నెంబరేమిటో, అన్నీ కనబడతాయి. తల దించుకునే లోపలికి వెళ్ళాను.